మిగిలిన ఏడుగురు

మా బడి గ్రౌండు మట్టిది. అనంతపురం జిల్లాలో మట్టి గ్రౌండు అంటే వేసవిలో రాయి, రెండు వానలు పడితే బంక. సున్నంతో గీసిన డీ గీత సాయంత్రం ఆట అయ్యేసరికి సగం పిల్లల కాళ్లకంటుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లిపోయేది. పొద్దున్నే మళ్లీ గీసేవాణ్ణి. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఆ గ్రౌండులో చాలా ఏళ్లు హాకీ నేర్పాను. బడి పిల్లలే కాదు, బడి దాటి ఇంటర్ చదువుతున్నవాళ్లు కూడా సాయంత్రాలు వచ్చి ఆడేవారు. వాళ్లందరినీ కలిపితే మా ఊరి జట్టు.

2022 వేసవి దాటేసరికి ఆ జట్టులోంచి నలుగురు ఒకేసారి వెళ్లిపోయారు. సెంటర్ హాఫ్‌కు దూరపు ఊళ్లో స్పోర్ట్స్ హాస్టల్ సీటు వచ్చింది. గోల్ కీపర్‌ను కూడా అక్కడే తీసుకున్నారు. పెనాల్టీ కార్నర్లు కొట్టే ఫుల్ బ్యాక్ డిగ్రీకి తిరుపతి వెళ్లాడు. సెంటర్ ఫార్వర్డ్ వాళ్లకు వరుసగా రెండేళ్లు వేరుశనగ పోయింది. ఇంటికి తాళం వేసి అందరూ బెంగళూరు బస్సెక్కారు. ఆ అబ్బాయి స్టిక్కు మా స్టోర్ రూములోనే ఉండిపోయింది.

ఆ నలుగురూ మంచి చోటికే వెళ్లారు, ఆ చివరి అబ్బాయి తప్ప. వెళ్లినందుకు బాధ లేదు. వెళ్లాక నేను చేసిన పని గురించే ఇది రాస్తున్నాను.

ఊళ్లో ఎవరు కనిపించినా ఒకటే మాట, "టీము పోయినట్టే గదా సార్." స్టాఫ్ రూములో అదే, టీ కొట్టు దగ్గర అదే. వింటున్నకొద్దీ నాకు కోపం వచ్చేది. ఆ నలుగురే జట్టయితే ఇన్నేళ్లు నేను చేసిందేమిటి? ఈ ప్రశ్న పిల్లల మంచి కోసం పుట్టింది కాదు. నా అహం అడిగిన ప్రశ్న అది. అప్పుడది తెలియలేదు.

నా మేనల్లుడు కెనడాలోని కాల్గరీలో ఉద్యోగం చేస్తాడు. ఐస్ హాకీ పిచ్చివాడు. సరిగ్గా ఆ నెలల్లోనే వాడి ఊరి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్‌కూ అదే దెబ్బ తగిలింది. 2021-22 సీజన్‌లో 111 పాయింట్లతో తమ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టది. 115 పాయింట్లు సాధించిన జానీ గోడ్రో ఒప్పందం ముగిసి జూలై 13న కొలంబస్‌కు వెళ్లిపోయాడు. తొమ్మిది రోజుల తర్వాత, 104 పాయింట్లు సాధించిన మాథ్యూ కచక్‌ను జట్టు ఫ్లోరిడాకు ఇచ్చేయాల్సి వచ్చింది. బదులుగా వచ్చినవాళ్లలో జొనథన్ హూబర్డో ఒకడు. అతనూ ఆ సీజన్‌లో 115 పాయింట్లు చేసినవాడే. 115 పోయింది, 115 వచ్చింది. కాగితం మీద లెక్క సరిపోయింది. ఆ ఆటలో గోల్ కొట్టినవాడికే కాక ఆ గోల్‌కు బంతి అందించినవాళ్లకూ పాయింటు వస్తుంది. నిజానికి వాళ్లది బంతి కాదు, రబ్బరు బిళ్ల. నాకు తెలిసిన భాషలో బంతి అనే అంటాను.

మా మేనల్లుడికి ఆ లెక్క నచ్చలేదు. రాత్రిళ్లు ఫోన్ చేసేవాడు. "మామా, ఇట్లాంటప్పుడు సగం సగం అతుకులు వేయకూడదు. ఇక్కడ దీన్ని రీబిల్డ్ అంటారు. ఉన్నవాళ్లందర్నీ తీసేసి పిల్లలతో మొదలుపెట్టాలి. రెండు మూడేళ్లు ఓడిపోయినా పర్వాలేదు, తర్వాత అదే లేస్తుంది."

ఆ మాట నాకు అమృతంలా దిగింది. ఓడిపోయినా పర్వాలేదన్నాడు. పైగా మళ్లీ కట్టేది నేను. ఎవరూ అది ఆ నలుగురి జట్టు అనలేరు.

ఆ వారమే, ఓ సాయంత్రం ప్రాక్టీసు తర్వాత, మిగిలిన ఏడుగురినీ గోల్ పోస్టు దగ్గర కూర్చోబెట్టాను. ఇంటర్ మొదటి, రెండో ఏడు పిల్లలు. నాలుగైదేళ్లుగా నా దగ్గర ఆడుతున్నవాళ్లు. ఈ ఏడాది నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కొత్త జట్టు కడుతున్నాననీ, వాళ్లు కావాలంటే వచ్చి ఆడుకోవచ్చనీ, మ్యాచ్‌లలో అవకాశం ఉంటే చూద్దామనీ చెప్పాను. కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. రైట్ హాఫ్ ఆడే అబ్బాయి, ఎప్పుడూ పెద్దగా నోరు విప్పనివాడు, షిన్ గార్డులు విప్పుతూ అడిగాడు, "పోయినోళ్లు వాళ్లు గదా సార్. మమ్మల్నెందుకు పంపిస్తాండారు?"

"ఎవర్నీ పంపించట్లేదు" అన్నాను. అబద్ధం చెప్పాను. వారం తిరిగేలోగా ఏడుగురిలో అయిదుగురు రావడం మానేశారు. మిగతా ఇద్దరు ఇంకో నెల వచ్చారు.

కొత్త పిల్లలు బంగారాలు. పొద్దున్నే నాకంటే ముందు గ్రౌండులో ఉండేవారు. మొదటి టోర్నమెంటులో తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిపోయాం. రెండో మ్యాచ్‌లో ఏడు. ఓటమి నేర్పుతుందని నేను నమ్మాను. ఓటమి నేర్పదు. ఓడినప్పుడు పక్కనున్న పెద్దవాడు నేర్పుతాడు. "అట్లా కాదురా, వాడు లోపలికి వచ్చినప్పుడు నువ్వు గీత వదలొద్దు" అని ఆటలోనే, ఆ క్షణంలోనే చెప్పే గొంతు కావాలి. గీత బయట నిలబడి నేను ఎంత అరిచినా ఆ పిల్లలకు వినిపించేది నా కోపమే. మా కొత్త గోల్ కీపర్‌కు పదమూడేళ్లు. పెద్దవాడి ప్యాడ్లు వాడికి తొడల దాకా వచ్చేవి. ఏడో గోల్ పడ్డాక గోల్ పోస్టు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. బంతి మళ్లీ మధ్యకు వెళ్లినా ఇటు తిరగలేదు. ఆ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ ఏడాది చివరికి కొత్తవాళ్లలోనూ ఆరుగురు మానేశారు. రెండో ఏడాది జిల్లా పోటీలకు పదకొండు మందిని పోగు చేయడానికే కష్టమైంది. నలుగురు పోయిన జట్టును నేను మొత్తంగా పోగొట్టాను. పంట పోయిన ఏడు కూడా మా పక్క రైతు విత్తనకాయల మీద చెయ్యి వేయడానికి వెనకాడతాడు. నేను ముందు వాటినే పారబోశాను.

మేనల్లుడు చెప్పిన మాటలో తప్పు లేదు. దాన్ని పుట్టిన చోటు నుంచి పెకలించి తెచ్చుకోవడం నా తప్పు. వాళ్ల లీగ్‌లో 32 జట్లుంటాయి. 16 ప్లే ఆఫ్స్‌కు వెళతాయి. వెళ్లని 16 జట్లకు లాటరీ ఉంటుంది. ఎంత అట్టడుగున ఉంటే, రాబోయే కుర్రాళ్లలో మేటివాణ్ణి ముందుగా ఎంచుకునే అవకాశం అంత ఎక్కువ. అంటే అక్కడ ఓటమికి ఒక ప్రతిఫలం ఉంది. ఆటగాళ్ల జీతాలకు మొత్తంగా ఒక హద్దుంది కాబట్టి, ఖరీదైన పాతవాళ్లను వదిలితే కొత్తవాళ్లకు చోటు దొరుకుతుంది. ఆ రెండూ ఉన్న చోట పుట్టిన ఆలోచన అది. మా మండలంలో చివరి స్థానంలో నిలిచిన జట్టుకు మంచి సెంటర్ హాఫ్‌ను ఎవరిస్తారు? ఓడిన జట్టుకు పిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులే వెనకాడతారు.

అక్కడైనా అది ప్రతిసారీ ఫలించేది కాదని తర్వాత తెలిసింది. కుర్రాళ్లను ఎంచుకునే ఆ డ్రాఫ్ట్‌లో బఫలో జట్టు 2015లో రెండో పిక్‌తో జాక్ ఐకెల్ అనే గొప్ప కుర్రాణ్ణి తెచ్చుకుంది. 2021లో అతన్ని వేగస్‌కు ఇచ్చేసింది. 2023లో అతను అక్కడ ఆ లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. బఫలో మాత్రం 2024-25 వరకు వరుసగా 14 సీజన్లు ప్లే ఆఫ్స్ మొహం చూడలేదు. ఆ లీగ్‌లోనే అది రికార్డు. కుర్రాళ్లు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లకు గెలవడం ఎలా ఉంటుందో చూపించేవాళ్లు లేకపోతే ఏమవుతుందో నాకు నా గ్రౌండులోనే తెలిసింది కాబట్టి, ఆ 14 అంకె చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

2024 వేసవిలో, పంచరు వేయించుకోవడానికి బస్టాండు పక్కన టైరు షాపులో బండి ఆపాను. లోపల్నుంచి జాకీ మోసుకుంటూ వచ్చింది మా రైట్ హాఫ్. డిగ్రీ మధ్యలో ఆపేశాడట. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని నమస్కారం పెట్టాడు. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ, "కార్నర్లు బాగా పడ్తాండాయంట గదా సార్ మనకు" అన్నాడు. మన జట్టు మీద ఎదుటివాళ్లు పెనాల్టీ కార్నర్లలో గోల్స్ కొట్టేస్తున్నారని ఎవరో చెప్పారట. అవును, పాత కీపర్ పోయాక వాటిని ఆపలేకపోతున్నామన్నాను.

వాడు తల ఎత్తలేదు. "కీపర్ కాదు సార్. కార్నర్‌కు ముందు ఎవరు యాడ నిలబడల్ల, ఎవరు ఎట్ల ఉరకల్ల, నేనే చెప్తాంటి. కొట్టేవాని ఎడమ కాలు యా పక్కకు పడ్తాదో చూస్తాంటి. కాలు తిరిగిన పక్కకే బాలు పోతాది. వానికి చెప్తే వాడు గట్టిగా అరుస్తాండె. నాకు గొంతు ల్యాకపాయ."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడగలే గదా సార్."

పెనాల్టీ కార్నర్‌ను గోల్ కీపర్‌తో కలిపి అయిదుగురే ఆపాలి. ముందుగా బంతి కొట్టేవాడి మీదికి పరుగెత్తేవాడు దెబ్బకు ఒళ్లు అడ్డం పెడతాడు. మూడేళ్లు ఆ పరుగు పెట్టింది ఈ అబ్బాయే. ఎడమ మోకాలి కింద మచ్చ కూడా నాకు తెలుసు, కట్టు కట్టింది నేనే. కానీ గోల్ ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టింది కీపర్‌కు. వెళ్లిపోయిన నలుగురితో పోయిందనుకున్న విద్య నిజానికి ఊళ్లోనే, బస్టాండు పక్కన, నేను పంపించేసినవాడి దగ్గర ఉండిపోయింది. ఆ రోజు బండి నడుపుకుంటూ ఇంటికెళ్లలేకపోయాను. దారిలో చెరువు కట్ట మీద చాలాసేపు కూర్చున్నాను.

కళ్ల ముందున్న పాఠం వదిలేసి సముద్రాలవతలి మాట పట్టుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. భారత హాకీని వయసొచ్చినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. 1998లో ధన్‌రాజ్ పిళ్లై నాయకత్వంలో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 32 ఏళ్ల తర్వాత స్వర్ణం వచ్చింది. రాగానే కోచ్ ఎం.కె. కౌశిక్‌నూ, ధన్‌రాజ్‌తో పాటు పలువురు సీనియర్లనూ పక్కన పెట్టారు. గెలిచిన జట్టును గెలిచిన నెలల్లోనే విడగొట్టారు. అప్పుడు నేను కుర్రాణ్ణి. ఆ వార్త చదివి ఆ పూట అన్నం తినలేదు. అదే పని ఇరవై నాలుగేళ్ల తర్వాత నా చేతులతో నేను చేశాను.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మనది 12 జట్లలో 12వ స్థానం. ఒక్క మ్యాచ్ గెలవలేదు. అందర్నీ తీసేయాలని ఆ రోజు దేశమంతా అంది. నేనూ అన్నాను. తీసేసి ఉంటే గోల్ కీపర్ శ్రీజేష్, మన్‌ప్రీత్ సింగ్ కూడా పోయేవారు. ఇద్దరూ లండన్ జట్టులో ఉన్నారు. 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచ కప్ గెలిచిన హర్మన్‌ప్రీత్, సిమ్రన్‌జీత్ లాంటి కుర్రాళ్లు వచ్చి వాళ్ల పక్కన చేరారు. 2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీ మీద 5-4తో కాంస్యం గెలిచినప్పుడు సిమ్రన్‌జీత్ రెండు గోల్స్ కొట్టాడు. ఆఖరి క్షణాల్లో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ను శ్రీజేష్ ఆపాడు. కెప్టెన్ మన్‌ప్రీత్. లండన్‌లో చిట్టచివరన నిలిచినవాళ్లు, లక్నోలో గెలిచినవాళ్లు ఒకే జట్టు.

ఆ పతకం వచ్చిన రెండు నెలల్లోపే పెనాల్టీ కార్నర్లు కొట్టే డ్రాగ్ ఫ్లిక్కర్ రూపిందర్ పాల్ సింగ్, బీరేంద్ర లక్రా, ఎస్.వి. సునీల్ ఒకరి తర్వాత ఒకరు రిటైర్మెంట్ ప్రకటించారు. ఎన్నో ఏళ్లు జట్టుకు వెన్నెముక వాళ్లే. అయినా కార్నర్లలో గోల్స్ ఆగలేదు. రూపిందర్ ఉండగానే హర్మన్‌ప్రీత్ ఏళ్ల తరబడి అతనితో కలిసి ఆ బాధ్యత పంచుకుంటూ వచ్చాడు. దారి సాఫీగా మాత్రం లేదు. 2023 ప్రపంచ కప్‌లో మన సొంత గడ్డ మీదే న్యూజిలాండ్ చేతిలో షూటౌట్‌లో ఓడి క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేదు. కోచ్ గ్రహమ్ రీడ్ తప్పుకున్నాడు. క్రెయిగ్ ఫుల్టన్ వచ్చాడు. వచ్చి అందర్నీ ఊడ్చేయలేదు. 2024 పారిస్‌కు వెళ్లిన 16 మందిలో ఒలింపిక్స్‌కు కొత్తవాళ్లు అయిదుగురే. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో రెండో క్వార్టర్ మొదట్లోనే అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడితే పది మందితోనే మిగతా ఆటంతా నిలబడి షూటౌట్‌లో గెలిచారు. ఆ మ్యాచ్ నేను మూడుసార్లు చూశాను. కార్నర్‌కు అందరికంటే ముందు పరుగెత్తే మనిషే రోహిదాస్. అతను లేకుండా కార్నర్ వచ్చిన ప్రతిసారీ, ఆ ఖాళీలోకి ఎవరు నడిచి వెళుతున్నారో చూశాను. ఎవరూ వెతుక్కోలేదు. ఎవరు వెళ్లాలో వాళ్లకు తెలుసు.

పారిస్‌లో గెలిచిన కాంస్యంతోనే శ్రీజేష్ సెలవు తీసుకున్నాడు. అంతకు ముందు ఏళ్లలో కృష్ణ బహదూర్ పాఠక్‌తో అతను ఒకే మ్యాచ్‌లో చెరి రెండు క్వార్టర్లు పంచుకుని ఆడిన రోజులు ఎన్నో. ఆ రోజుల్లో నాకది చిరాకుగా ఉండేది, మేటి కీపర్‌ను సగం ఆటకు బెంచి మీద కూర్చోబెట్టడమేమిటని. ఇప్పుడు అర్థమవుతుంది. పోయే మనిషి పోకముందే పని చేతులు మారాలి. అయినా 2025 జూన్‌లో యూరప్‌లో మన జట్టు వరుసగా ఏడు మ్యాచ్‌లు ఓడింది. మళ్లీ అదే కేక, అందర్నీ మార్చేయమని. ఈసారి నేను నోరు విప్పలేదు. సెప్టెంబరులో రాజ్‌గిర్‌లో ఆ జట్టే కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ గెలిచింది.

మహిళల జట్టు విషయం తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. టోక్యోలో నాలుగో స్థానం దాకా వెళ్లినవాళ్లు, 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ వెళ్లలేకపోయారు. టోక్యోలో కెప్టెన్‌గా ఉన్న రాణీ రాంపాల్ అప్పటికి జట్టులో లేదు. ఒక్క మనిషి లేకపోవడమే కారణమని నేను అనను. హాకీలో ఏ ఓటమికీ ఒక్క కారణం ఉండదు. ఆ జట్టును తలచుకుంటే నాకు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని గుర్తొస్తుంది. ఏళ్లకేళ్లు సవిత వెనక రెండో గోల్ కీపర్‌గా నిలబడింది. అలా నిలబడేవాళ్ల పేర్లు స్కోరు బోర్డు మీద రావు. మొదటి మనిషి వెళ్లిపోయిన పొద్దున జట్టు ఉందో లేదో తేల్చేది వాళ్లే.

కొన్నిసార్లు నిజంగానే కూల్చి కట్టాల్సి వస్తుంది. పదకొండు మందీ ఒకేసారి వయసు మీద పడినప్పుడు, కింద ఎవర్నీ పెంచనప్పుడు ఇంకో దారి ఉండదు. నా జట్టు అలాంటిది కాదు. అప్పుడు నాకు పదిహేడేళ్ల పిల్లలు ఏడుగురు ఉండేవారు.

కాల్గరీ సంగతీ చెప్పాలి. 115 పాయింట్లతో వచ్చిన హూబర్డో మరుసటి ఏడాది 55 దగ్గర ఆగిపోయాడు. మనిషి అతనే, చేతులు అవే. ఫ్లోరిడాలో అతని చుట్టూ ఉన్నవాళ్లు కాల్గరీలో లేరు. పోయినవాడి కొలతకు సరిపోయే మనిషిని తెచ్చి ఆ గుంటలో దింపితే సరిపోదని ఆ ఒక్క అంకె చెప్పింది. తర్వాత ఒక్కొక్కరే ఇంకా చాలామంది వెళ్లిపోయారు. ఇక అట్టడుగుకే అని మేనల్లుడు లెక్క వేశాడు. 2024-25లో ఆ జట్టు 96 పాయింట్లు తెచ్చుకుంది. అన్నే పాయింట్లున్న సెయింట్ లూయిస్ టైబ్రేకర్‌లో ముందుకు వెళ్లడం వల్లే ప్లే ఆఫ్స్ తప్పాయి. గోల్ ముందు నిలబడిన డస్టిన్ వుల్ఫ్ 2019 డ్రాఫ్ట్‌లో 214వ స్థానంలో ఎంపికైనవాడు. ఓడిపోయి సంపాదించుకున్న ఆటగాడు కాదు, ఎవరూ పెద్దగా పట్టించుకోనివాడు.

2024 ఆగస్టు 29న గోడ్రో, అతని తమ్ముడు న్యూజెర్సీలో సైకిళ్ల మీద వెళుతుంటే కారు ఢీకొట్టి చనిపోయారు. మేనల్లుడు ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ రోజు వాడి నోట పాయింట్ల మాట రాలేదు. ఒకసారి ఆట అయ్యాక గోడ్రో నవ్వుతూ గ్లోవు ఎలా ఊపాడో చెప్పాడు.

టైరు షాపు దగ్గరికి నేను మళ్లీ మళ్లీ వెళ్లాను. నాలుగోసారి, తప్పు నాదని ఆ అబ్బాయితో చెప్పాను. వాళ్ల ఓనరు, ఇద్దరు కస్టమర్లు వింటుండగానే చెప్పాను. వాడు సిగ్గుపడి "ఊకుండండి సార్" అన్నాడు. ఆదివారాలు వస్తున్నాడు. ప్యాడ్లు తొడల దాకా వచ్చిన ఆ పిల్లవాడికి ఇప్పుడు ప్యాడ్లు సరిపోతున్నాయి. కార్నర్‌కు ముందు ఎడమ కాలు చూడడం వాడికి నేర్పింది మా రైట్ హాఫ్. మిగతా ఆరుగురిలో ఒక్కడు తిరిగి వచ్చాడు. అయిదుగురు రాలేదు. ఒకడు నన్ను చూస్తే ఇప్పటికీ వీధి మారతాడు. అందులో వాడి తప్పేమీ లేదు.

ఈ ఏడాది మళ్లీ ముగ్గురు వెళుతున్నారు. మొన్న సాయంత్రం, ఆ ముగ్గురూ పక్కనుండగానే, ఉండిపోయేవాళ్లను గోల్ పోస్టు దగ్గర కూర్చోబెట్టాను. అదే చోటు. వీళ్లు వెళితే మన దగ్గర ఏమేం ఆగిపోతాయో చెప్పమన్నాను. నోట్‌బుక్ తెరిచి పట్టుకున్నాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. ఆఖరికి తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు, "నీళ్ల డ్రమ్ము సార్" అన్నాడు. రోజూ ఎవరూ చెప్పకుండా బోరింగు దగ్గర డ్రమ్ము నింపి తెచ్చేది వెళ్లిపోతున్న లెఫ్ట్ ఇన్ అట. ఇంకొకడు, "మ్యాచ్ ఓడితే బస్సులో ముందు మాట్లాడేది అన్నే సార్" అన్నాడు. తర్వాత ఒకరి మీద ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. గోల్స్ ఎవరు కొడతారన్న దాకా వచ్చేసరికి చీకటి పడింది. పేజీ కనిపించక సెల్‌ఫోన్ వెలుతురులో రాసుకున్నాను.